మందు లేని రోజుల్లో తలుపు తెరిచిన దొరసాని

ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి మీదుగా నిజామాబాద్ వెళ్లే మనకు దారిలో డిచ్‌పల్లి తగులుతుంది. బస్సు కిటికీలోంచి ఒకసారి చూసి దాటిపోతాం. సొంత ఇల్లే వెలివేసిన కుష్ఠు వ్యాధిగ్రస్తులకు ఒకప్పుడు ఆ ఊరే దిక్కు. అక్కడ వారి కోసం డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త రెవరెండ్ జార్జ్ కెర్ ఉండేవారు.

ఇసబెల్ 1875లో స్కాట్లాండ్‌లో ఒక రైతు ఇంట పుట్టారు. 1903లో అబర్డీన్ విశ్వవిద్యాలయం నుంచి వైద్య పట్టా పుచ్చుకున్నారు. 1907లో దంపతులిద్దరూ వెస్లియన్ మిషన్ తరఫున నిజాం రాజ్యానికి వచ్చారు. 2016లో కొత్త జిల్లా ఏర్పడేదాకా మన కామారెడ్డి, ఎల్లారెడ్డి కూడా నిజామాబాద్ జిల్లాలోవే కదా, అందుకే వారిది మన ఇంటి కథ అనిపిస్తుంది.

1911లో నిజామాబాద్‌లో కుష్ఠుకు వైద్యం మొదలుపెట్టారు. ఆ రోజుల్లో ఈ జబ్బుకు సరైన మందు లేదు. తాగడానికి ఇచ్చే నూనె కడుపులో తిప్పేది, చాలామంది మానేసేవారు. నయం చేయగలమన్న ధీమా ఉండి ఆ డాక్టరమ్మ తలుపు తెరవలేదు. ప్రభువు కుష్ఠురోగిని ముట్టుకున్న సంగతి మనం ఎన్నో ప్రసంగాల్లో విన్నాం. ముట్టుకోవడానికి మన చెయ్యి మాత్రం ఎంత జంకుతుందో మనకే తెలుసు. ఆమెకు అది దినచర్య.

వచ్చేవారు పెరిగారు, చోటు చాలలేదు. అప్పుడు ఆదుకున్నది మన సంఘస్థుడు కాదు, నర్సాగౌడ్ అనే హిందూ దాత. ఆయన విరాళంతో 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా కుష్ఠు ఆసుపత్రి వెలిసింది. ఈ మాట మన చర్చి చరిత్రల్లో ఇంకా గట్టిగా చెప్పుకోవాలి.

తర్వాత కలకత్తాలో రోజర్స్, మ్యూర్ అనే వైద్యులు హిడ్నోకార్పస్ గింజల నూనెను సూదిమందుగా ఇవ్వడంపై కృషి చేశారు. ఇసబెల్ ఆ పద్ధతిని డిచ్‌పల్లికి తెచ్చారు. సూది నొప్పి భరించలేనిదే అయినా, జబ్బు ముదరని వారికి మేలు కనిపించింది. వెలివేతే తప్ప వేరే దారి లేదనుకున్న వారికి అదెంత పెద్ద కబురో ఊహించండి. 1923లో ప్రభుత్వం ఆమెకు కైజర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది.

1932 జనవరిలో ఇసబెల్ డిచ్‌పల్లిలోనే హఠాత్తుగా కన్నుమూశారు. ఆమె లేని ఆసుపత్రిలో జార్జ్ కెర్ గారు 1938లో విశ్రాంతి తీసుకునేదాకా ఆ రోగుల మధ్యే పనిచేశారు.