ఓడలడిగిన వైస్రాయి వేవెల్

అనుమసముద్రంపేటలో రేషను బియ్యం కేటాయింపు ఫైళ్లు చూసినవాణ్ణి గనుక, పరాయి పాలకుడైనా వేవెల్ అంటే నాకు గౌరవం. 1883లో ఇంగ్లండులో పుట్టిన ఈ సైనికుడు 1915 యుద్ధంలో ఎడమ కన్ను పోగొట్టుకున్నారు. 1942లో బర్మా జపాను వశమై మన దేశానికి అక్కడి బియ్యం ఆగిపోయింది. 1943 అక్టోబరులో వైస్రాయి కాగానే వేవెల్ కలకత్తా వెళ్లి, కరువు సహాయానికి సైన్యాన్ని దింపారు. విదేశీ ధాన్యం తేవాలంటే ఓడలు కావాలి. వాటి కేటాయింపు లండన్ మంత్రివర్గం చేతిలో ఉండేది. యుద్ధానికే చాలవంటూ వారు కోత పెట్టినా, ఆయన తంతి మీద తంతి పంపారు. 1944లో చర్చిల్ అమెరికాను ఓడలడిగితే రూజ్‌వెల్ట్ కుదరదన్నారు. ధాన్యం కొంతే, అదీ ఆలస్యంగా వచ్చింది. ఆ బెంగాల్ కరువులో సుమారు 30 లక్షల మంది మరణించారని అంచనా. 1947లో పదవి పోయింది. 1950లో ఆయన కన్నుమూశారు. మిత్రులారా, కాగితం మీద అంకె తగ్గితే ఎవరి కంచం ఖాళీ అవుతుందో ఎరిగిన అధికారి ఆయన.