యాభై ఏళ్లకు సరిపడిన లెక్క – థోర్లీఫ్ హౌగ్ జీవితం

మంచు ఎరుగని ప్రాంతంలో పుట్టి పెరిగిన మనకు స్కీయింగ్ ఆటతో అంతగా పరిచయం లేదు. పొడవాటి సన్నని చెక్కపలకలు కాళ్లకు కట్టుకొని, చేతికర్రల ఊతంతో మంచుమీద మైళ్ల దూరం పరుగెత్తడం, ఎత్తయిన వాలు మీదినుంచి గాలిలోకి దూకడం ఇందులోని ప్రధాన పోటీలు. నార్వే దేశస్థులకు ఇది ప్రాణప్రదమైన ఆట. అందులో వారు గర్వంగా తలచుకొనే పేరు థోర్లీఫ్ హౌగ్.

హౌగ్ 1894 సెప్టెంబరు 28న డ్రామెన్ పట్టణానికి దగ్గరనున్న లియెర్‌లో జన్మించారు. నేటి రాజధాని ఓస్లో వద్ద హోల్మెన్‌కోలెన్ కొండమీద ఏటా జరిగే స్కీ పోటీలు ఆ దేశంలో ఎంతో ప్రతిష్ఠ గలవి. అక్కడి 50 కిలోమీటర్ల పరుగులో 1918 నుండి 1924 వరకు ఏడేళ్లలో ఆరుసార్లు ఆయనే ప్రథములు. ఒక్క 1922లో మాత్రం ఆ గెలుపు తప్పింది. పరుగు, దూకడం రెండూ కలిపి లెక్కించే పోటీలో 1919 నుండి వరుసగా మూడేళ్లు ఆయనే విజేత.

1924లో ఫ్రాన్సు దేశంలోని షమోనీలో మంచు క్రీడల వారోత్సవం జరిగింది. దానినే తరువాత మొదటి శీతకాల ఒలింపిక్స్‌గా గుర్తించారు. అక్కడ హౌగ్ 50 కిలోమీటర్లను 3 గంటల 44 నిమిషాల 32 సెకన్లలో ముగించి స్వర్ణం గెలిచారు. 18 కిలోమీటర్ల పరుగులోను, కలిపి లెక్కించే పోటీలోను కూడా స్వర్ణాలు ఆయనవే. దూకే పోటీలో మూడవ స్థానం వచ్చి కాంస్య పతకం లభించింది.

1934 డిసెంబరు 12న న్యుమోనియాతో హౌగ్ కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు నలభై ఏళ్లే. డ్రామెన్‌లో ఆయన విగ్రహం నిలిపారు.

అసలు విశేషం ఆ తరువాత జరిగింది. షమోనీ దూకే పోటీలో హౌగ్‌కు 18 పాయింట్లు, నాలుగవ స్థానంలో నిలిచిన అమెరికా ఆటగాడు ఆండర్స్ హౌగెన్‌కు 17.916 పాయింట్లు వచ్చినట్లు రికార్డయింది. ఈ హౌగెన్ కూడా నార్వేలో పుట్టి అమెరికాకు వలస వెళ్లినవారే. షమోనీలో హౌగ్‌తోపాటు ఆడి పతకాలు గెలిచిన తోరాల్ఫ్ స్ట్రోమ్‌స్టాడ్ 1974లో పాత పాయింట్ల పట్టీ పరిశీలించగా, హౌగ్ పాయింట్ల లెక్కలో పొరపాటు బయటపడింది. లెక్క సరిచేస్తే మూడవ స్థానం హౌగెన్‌దే. ఒలింపిక్ సంఘం దీనిని అంగీకరించింది.

ఆ ఏడాదే ఓస్లోలో, 85 ఏళ్ల హౌగెన్ చేతిలో ఆ కాంస్య పతకాన్ని ఉంచినది హౌగ్ కుమార్తె. తండ్రి పోయి నలభై ఏళ్లయింది. ఆ లెక్క వేసినది ఆయన కాదు, అందులో ఆయన దోషమూ లేదు. అయినా పతకం చేరవలసిన వారికి చేరింది.

కూడికలు, తనిఖీలతో ఉద్యోగజీవితం గడిపిన మనబోటి వారికి ఇందులో ముఖ్యంగా గమనించదగిన సంగతి ఒకటుంది. పొరపాటువల్ల లాభపడినది నార్వే. దానిని బయటపెట్టినదీ నార్వే వారే. హౌగ్ మూడు స్వర్ణాలకు దీనివల్ల వచ్చిన లోటు ఏమీ లేదు. ఆ కుటుంబం గౌరవం మాత్రం మరింత పెరిగింది.