లూర్దు బాలిక బెర్నదెత్త

తెల్లని వస్త్రము, నీలపు నడికట్టు, జోడించిన కరములు, చేతినుండి వ్రేలాడు జపమాల, పాదములపై పసుపువన్నె గులాబీలు, ఆకసమువంక ఎత్తిన ముఖము. ఈ రూపముననున్న మరియమాత విగ్రహము మన తెలుగునాట కథోలిక దేవాలయముల ఆవరణములలో తఱచుగా కానవచ్చును. రాళ్లు పేర్చి చిన్న గుహవలె కట్టి అందులో దానిని నిల్పుదురు. మన హుజూర్‌నగర్ ప్రాంతమువారు కోదాడ మీదుగా విజయవాడకు పోయి, 1924వ సంవత్సరమున ఆర్లాటి గురువుగారు మరియమాత విగ్రహమును నిల్పిన గుణదల కొండ నెక్కుట కలదు. అచ్చట ఏటేట ఫిబ్రవరి 11వ తేదీన జరుగు మహోత్సవము లూర్దు మాత పండుగయే.

ఈ రూపమును మొట్టమొదట చలువరాతిలో మలచినవాడు ఒక ప్రసిద్ధ శిల్పి. మలచవలసినది ఎట్లుండెనో అతనికి వివరించినది ఒక పేదబాలిక. పని ముగిసిన పిదప, తాను చూచినది అది కాదని చెప్పినదియు ఆ బాలికయే. ఆమె చరిత్రము విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును తెలియదగినది.

ఫ్రాన్సు దేశపు దక్షిణభాగమున, పిరనీసు పర్వతముల పాదమున లూర్దు అను చిన్న పట్టణము గలదు. అచ్చట ఒక నీటి తిరుగలి నడుపుకొను ఫ్రాన్స్వా సుబీరు, లూయీజు అను దంపతులకు 1844వ సంవత్సరము జనవరి 7వ తేదీన బెర్నదెత్త జన్మించెను. వారి తొమ్మండుగురు సంతానములో ఆమెయే జ్యేష్ఠురాలు; తక్కినవారిలో పలువురు పసితనముననే గతించిరి. ఆమెకు పదియేండ్లు నిండిన కాలమున తండ్రి తిరుగలి చేజాఱిపోయెను. 1855లో ఆ పట్టణమునకు కలరా వచ్చెను. ఆమె దానినుండి బ్రదికెను గాని, ఉబ్బసము ఆమెను జీవితాంతము వీడలేదు. 1857లో ఆ కుటుంబము పూర్వము చెఱసాలగా నుండిన యొక గదిలో తలదాచుకొనెను. ఆరోగ్యమునకు తగదని ఖైదీలనే అందుంచుట మానివేసి యుండిరి. ఆ యొక్క గదిలో ఆఱుగురు మనుష్యులు కాలము వెళ్లబుచ్చిరి.

బెర్నదెత్తకు చదువు లేదు. కొంతకాలము సమీప గ్రామమున గొఱ్ఱెలను కాచెను. ఫ్రెంచి భాష ఆమెకు రాదు. ఆ ప్రాంతపు పల్లెమాటయే తెలియును. పదునాలుగేండ్లు నిండినను చదువనేరని కారణమున దివ్యసత్ప్రసాదమును తొలిసారి స్వీకరించు భాగ్యము ఆమెకు ఇంకను కలుగలేదు.

1858వ సంవత్సరము ఫిబ్రవరి 11న ఆమె తన చెల్లెలితోను, ఒక స్నేహితురాలితోను వంటచెఱకు ఏరుకొనుటకై గావ్ నదీతీరమున నున్న మస్సబియేలు గుహ చెంతకు పోయెను. తక్కిన యిద్దఱు చల్లని నీటిలో దిగి ఆవలికి పోయిరి. ఉబ్బసముచే వెఱచి బెర్నదెత్త వెనుక నిలిచి మేజోళ్లు విప్పుచుండగా గాలి వీచిన శబ్దము వినవచ్చెను. తలయెత్తి చూడగా, గుహ పైభాగమున నున్న గూటిలో తెల్లని వస్త్రములు ధరించిన యొక చిన్నది తనకు కనబడెనని ఆమె చెప్పెను. నాటినుండి జూలై 16 వఱకు పదునెనిమిది పర్యాయములు ఈ దర్శనము కలిగెనని ఆమె సాక్ష్యము.

ఈ దర్శనములను విశ్వసించువారు కలరు, విశ్వసింపనివారును కలరు. కాని ఆ బాలిక మాటతీరును గమనించిన యెవ్వరికైనను ఆశ్చర్యము కలుగక మానదు. జనులందఱు అది కన్యమరియ యని పలుకుచుండగా, ఆమె మాత్రము తన పల్లెమాటలో అక్వేరో అనియే చెప్పుచుండెను. దానికి అది అని మాత్రమే అర్థము. తనకు చెప్పబడని పేరును తానుగా తగిలించుటకు ఆమె ఒప్పుకొనలేదు.

ఫిబ్రవరి 21న జకోమే అను పోలీసు అధికారి ఆమెను పిలిపించి ప్రశ్నించెను. ఆమె చెప్పినదానిని వ్రాసికొని, అచ్చటచ్చట మార్చి, తిరిగి చదివి వినిపించెను. చదువురాని బాలిక తడబడునని అతని తలంపు. ఆమె మార్పు జరిగిన ప్రతిచోటను నిలిపి, తాను చెప్పినది అది కాదని దిద్దెను. బెదరింపులకు లోబడలేదు, కోపపడనులేదు. తన మాటను ఉన్నదున్నట్లు నిలుపుకొనుట ఒక్కటియే ఆమెకు కావలసియుండెను.

నాలుగు దినముల పిదప, ఆమె గుహలోని బురదను చేతులతో త్రవ్వి, ఆ మురికినీటిని త్రాగెను. ముఖమంతయు బురదయైన ఆమెను చూచి గుమిగూడిన జనులు పరిహసించిరి. అచ్చటినుండియే పిమ్మట స్వచ్ఛమైన ఊట ప్రవహించెను. విచారణ గురువగు పెరమాలుగారు కఠినస్వభావులు. కనబడిన స్త్రీ పేరేమో అడిగి తెలిసికొనిరమ్మని ఆయన ఆజ్ఞాపించిరి. మార్చి 25న ఆ స్త్రీ తాను అమలోద్భవినని చెప్పెనని బెర్నదెత్త తెలిపెను. ఆ మాటకు అర్థము ఆమెకు తెలియదు. మఱచిపోవుదునేమో యని దారిపొడవునను వల్లించుకొనుచు పోయి గురువుగారికి అప్పగించెను. మరియమాత జన్మపాపము లేక ఉద్భవించినదను సిద్ధాంతమును అంతకు నాలుగేండ్ల ముందే, 1854లో, తొమ్మిదవ పయస్సు పోపుగారు ప్రకటించియుండిరి. 1862వ సంవత్సరము జనవరి 18న ఆ మండలపు పీఠాధిపతిగారు ఈ దర్శనములు నమ్మదగినవని ప్రకటించిరి.

అటుపిమ్మట గుహలో ఒక విగ్రహమును నిల్పవలెనని ల్యోను నగరపు సోదరీమణు లిరువురు ధనమొసగిరి. ఆ పని ఆ నగరపు చిత్రకళాశాలలో ఉపాధ్యాయుడగు జోసెఫు ఫాబిషుగారికి అప్పగింపబడెను. ఆయన మరియమాత విగ్రహములను నిర్మించుటలో అప్పటికే పేరు గాంచినవాడు. ల్యోను నగరపు కొండమీది దేవాలయ శిఖరమున 1852లో నిల్పబడిన బంగరు పూత విగ్రహము ఆయన చేతిపనియే. 1863వ సంవత్సరము సెప్టెంబరులో ఆయన లూర్దునకు వచ్చి బెర్నదెత్తను అనేక ప్రశ్నలడిగెను. ఆ స్త్రీ తన పేరు చెప్పినప్పుడు ఎట్లు నిలిచెనో చూపుమనగా, ఆమె లేచి నిలిచి, చేతులు జోడించి, కన్నులు పైకెత్తెను. ఆ సరళ భంగిమను చూచి శిల్పి చలించిపోయెను.

అయినను విగ్రహము సిద్ధమైనప్పుడు ఆ భంగిమలోని సారళ్యము రాతిలో నిలువలేదు. బెర్నదెత్త చూచినది తనవలె చిన్నది, తన యీడుది. ఆమె యెత్తు 1.40 మీటర్లు మాత్రమే. ఫాబిషు మలచిన విగ్రహము 1.88 మీటర్ల పొడవుగల నిండుప్రాయపు రాజ్ఞి. ఆమె చూచిన స్త్రీ కన్నులు మాత్రమే పైకెత్తెను. విగ్రహము తలనే పైకెత్తెను. విగ్రహమును చూపి ఇట్లే యుండెనా యని అడిగినప్పుడు, బాగుగనే యున్నది గాని అది కాదని ఆమె నిర్మొగమాటముగా చెప్పెను. 1864వ సంవత్సరము ఏప్రిల్ 4న గొప్ప ఉత్సవముతో విగ్రహప్రతిష్ఠ జరిగెను. అస్వస్థురాలై యున్నందున బెర్నదెత్త ఆ ఉత్సవమునకు పోలేదు.

ఇందు శిల్పిని నిందించుట న్యాయము కాదు. పరలోకరాణి యనగా ఉన్నతముగను, గంభీరముగను ఉండవలెనని యూరోపు ఖండపు కళాకారులు శతాబ్దముల తరబడి నేర్చియుండిరి. ఇటలీ చిత్రకారులు తమకు తోచిన సుందరీమణుల రూపములలో ఆమెను చిత్రించిరి. ఫాబిషు చేయి ఆ సంప్రదాయమున పండినది. బీదబాలిక వర్ణించిన మఱియొక బీదబాలికవంటి రూపము ఆ చేతికి అలవాటైనది కాదు. పవిత్రతకు పెద్ద రూపము కావలెనని కళ తలచెను. సాక్షి చూచినది చిన్నదానిని.

బెర్నదెత్త ఆ విగ్రహమును తొలగింపుమని పట్టుబట్టలేదు. దానియెదుట ప్రార్థించువారిని వారింపలేదు. అడిగినప్పుడు మాత్రము ఉన్నమాట చెప్పెను. అంతటితో ఊరకొనెను.

లూర్దులోని మఠకన్యల ఆశ్రయమున ఆమె చదువను వ్రాయను నేర్చుకొనెను. చూడవచ్చు జనులు ఇచ్చు ధనమును ఆమె కుటుంబము పేదదైనను ముట్టలేదు. 1866వ సంవత్సరము జూలైలో ఆమె నెవేరు పట్టణపు మఠమున ప్రవేశించెను. వచ్చిన మఱునాడు, లూర్దు పల్లెదుస్తులతోనే, తోడి మఠకన్యల యెదుట తన వృత్తాంతమును ఒక్కమారు చెప్పెను. పిదప దానిని గూర్చి పలుకవలదని పెద్దలు నియమించిరి. వైద్యశాలలో రోగులకు ఉపచారము చేయుచు, దేవాలయ వస్త్రములపై కుట్టుపని చేయుచు కాలము గడపెను. ఆ మఠపు తోటలో నున్న యొక పాత మరియమాత విగ్రహము తాను చూచినదానికి కొంత పోలికగా నున్నదని ఆమె తలచెననియు, దాని చెంతకు పోయి ప్రార్థించుచుండెననియు చెప్పుదురు. క్షయరోగము మోకాలి ఎముకను పట్టి ఆమెను మిక్కిలి బాధించెను. 1879వ సంవత్సరము ఏప్రిల్ 16న, ముప్పదియైదేండ్ల ప్రాయమున ఆమె మరణించెను. లూర్దును మరల చూడలేదు. 1925లో ధన్యురాలుగను, 1933వ సంవత్సరము డిసెంబరు 8న పునీతగను కథోలిక సంఘము ఆమెను ప్రకటించెను.

ఆమె కాలమున ఛాయాచిత్రములు తీయు యంత్రము వాడుకలోనికి వచ్చియుండుటచే, పూర్వపు పునీతలవలె గాక, బెర్నదెత్త ముఖము ఎట్లుండెనో మనకు తెలియును. తలకు గుడ్డ చుట్టుకొని, నిబ్బరమైన చూపుతో నున్న పల్లెపడుచు ఆమె. అయినను చిత్రకారులు ఆమెను సైతము సుకుమారముగా దిద్ది చిత్రించిరి. నెవేరులో గాజుపెట్టెయందు భద్రపఱుపబడిన ఆమె దేహమునకు ముఖముపై మైనపు తొడుగు కలదు. ఇతరుల చేతిలో రూపుమాఱుట ఆమెకును తప్పలేదు.

లూర్దు గుహను పోలిన కట్టడములలో పలుచోట్ల క్రింద మోకరించిన యొక బాలిక బొమ్మ కూడ ఉండును. జనుల చూపు పైనున్న విగ్రహముమీదనే నిలుచుట సహజము. కాని విద్యార్థులారా, ఆ క్రిందిబొమ్మను గూడ ఒక్కమారు చూడుడు. చదువు, ధనము, ఆరోగ్యము అను మూడును లేని పదునాలుగేండ్ల బాలిక అధికారి వ్రాసిన కాగితమును దిద్దెను. పండితుడు మలచిన చలువరాతిని చూచి మెచ్చుకొని, తాను చూచినది మాత్రము అది కాదనెను. పెద్దలు సంతోషింతురని ఒక్కమాట కలుపుట ఆమెకు ఎంతయో సులభమై యుండెను. ఆమె కలుపలేదు. కన్నది కన్నట్లు, విన్నది విన్నట్లు చెప్పుటకు గొప్ప కులముగాని గొప్ప చదువుగాని అక్కఱలేదని ఆమె జీవితము చాటుచున్నది. చదువు నేర్చిన మనకు ఆ పని మఱింత విధ్యుక్తము కాదా?