రిటైరైన పంతులు గారు

ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాము. అది గిడుగు వెంకట రామమూర్తి గారి పుట్టినరోజు. వాడుక భాష కోసం పోరాడిన మనిషిగా ఆయన అందరికీ తెలుసు. నల్లమల అంచున ఆత్మకూరులో, చెంచుగూడేల తమ్ముళ్ళతో ఒకే పంక్తిలో తినే మాకు మాత్రం సవర పిల్లల పంతులుగానే ఆయన దగ్గరివారు.

1863లో పుట్టిన గిడుగు 1880 నుంచి పర్లాకిమిడిలో పంతులుగా పనిచేసి 1911లో రిటైరయ్యారు. సవర భాష వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకొని ఆ భాష నేర్చుకున్నారు. కొండల్లో తిరిగి జ్వరాలపాలై, క్వినైను మింగీ మింగీ చెవుడు తెచ్చుకున్నారు. సవర పుస్తకాలకు మద్రాసు ప్రభుత్వం వెయ్యి రూపాయలు ఇవ్వబోతే తీసుకోలేదు. ఆ సొమ్ముతో బడి పెట్టి నడపమన్నారు. సవర బడుల్లో అయ్యవార్ల జీతాలు కూడా తన చేతినుంచే ఇచ్చారు.

పింఛను తీసుకొని పడక కుర్చీలో కూర్చోవలసిన వయసులో 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు అచ్చులో చూసుకున్నారు. (మాకు సప్లిమెంటరీకి మళ్ళీ చదవాలన్నా బద్ధకమే!) ఇంత చేస్తే ఆయనకేం మిగిలిందని అడగవచ్చు. కొండ బిడ్డ అమ్మ మాటలోనే అక్షరాలు దిద్దుతుంటే చూడటమే ఆయన కోరి తీసుకున్న జీతమని మాకనిపిస్తుంది.

1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసినప్పుడు ఊరు వదిలి రాజమండ్రి చేరారు. 1940 జనవరి 22న కన్నుమూశారు. ఆదివారం పూట మా పాత విద్యార్థి, రిటైరైన మాస్టారు ఒకరు వచ్చి లెక్కలు చెబుతుంటే మాకు ఈ పంతులు గారే గుర్తొస్తారు.