వోల్టా

ఇటలీ దేశమున, ఆల్ప్స్ పర్వతముల చెంత, ఒక సరస్సు ఒడ్డున కోమో అను పట్టణము కలదు. అలెస్సాండ్రో వోల్టా 1745వ సంవత్సరము ఫిబ్రవరి 18వ తేదీన అచట జన్మించెను. నాలుగేండ్ల వరకు ఆ బాలునకు మాటలు రాలేదు. మందబుద్ధి యని ఇంటివారు దిగులుపడిరి. ఏడేండ్లు వచ్చుసరికి ఆతడు తోడి బాలురను మించెను. ఆ ప్రాయముననే తండ్రి గతించెను. బంధువులు న్యాయవాదిని చేయదలచిరి గాని, ఆతని మనస్సు విద్యుత్తుపైననే లగ్నమయ్యెను.

ఆ కాలమున విద్యుత్తనగా గాజునో గంధకమునో రాచి పుట్టించునదియే. దానిని లైడెన్ సీసాలో నిలువచేయవచ్చును. తాకినంతనే అది క్షణములో తీరిపోవును. ఎడతెగక ప్రవహించు విద్యుత్తును పుట్టింపగలవారు లేకుండిరి. వోల్టా ఏండ్ల తరబడి శ్రమించి, అత్యల్పమైన విద్యుత్తును సయితము పట్టిచూపు పరికరమునొకదానిని నిర్మించి, 1782లో దానికి కండెన్సర్ అను పేరిడెను. అప్పటికే ఆతడు పావియా విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రాచార్యుడు.

1791లో బొలోన్యా నగరపు శరీరశాస్త్రజ్ఞుడు గాల్వానీ ఒక వింతను ప్రకటించెను. చచ్చిన కప్ప కాలిని రెండు లోహములతో తాకినచో అది గిలగిల కొట్టుకొనును. విద్యుత్తు కప్ప దేహముననే యున్నదని ఆయన తలచెను. వోల్టా మొదట మెచ్చెను; పిదప సందేహించెను. కప్ప లేకున్న నేమగును? తన నాలుక కొనపై తగరపు రేకును, వెనుక వెండి నాణెమును ఉంచుకొని రెంటిని కలుపగా పుల్లని రుచి తోచెను. విద్యుత్తు లోహములవలననే కలుగుచున్నదని నిశ్చయించెను. ఐరోపా పండితులు రెండు పక్షములైరి. 1798లో గాల్వానీ కొత్త ప్రభుత్వమునకు ప్రమాణము చేయ నిరాకరించి ఉద్యోగమును కోల్పోయి, ఆ యేటి డిసెంబరులో మరణించెను. వాదము తేలుట చూచు భాగ్యము ఆయనకు లేకపోయెను.

1800 మార్చి 20వ తేదీన వోల్టా లండన్ రాయల్ సొసైటీ అధ్యక్షునకు లేఖ వ్రాసెను. నాణెమంత వెండి బిళ్ల, దానిపై తుత్తునాగపు, అనగా జింకు బిళ్ల, దానిపై ఉప్పునీట తడిపిన అట్టముక్క. మరల అదే క్రమము. ఇట్లు పేర్చి స్తంభమువలె నిలిపెను. అడుగును, కొనను తాకిన వ్రేళ్లు ఝల్లుమనెను. ఎన్నిమారులు తాకినను ఆ శక్తి మరల కలుగుచుండెను. ప్రపంచమున మొదటి బ్యాటరీ ఇదియే. కొన్ని వారములకే ఇంగ్లండున దానితో నీటిని వాయువులుగా విడదీసిరి.

అయితే లోహముల స్పర్శయే చాలునని, ఈ శక్తికి అంతము లేదని వోల్టా తలచుట పొరబాటు. తుత్తునాగము మెల్లగా కరిగిపోవుచు ఆ శక్తినిచ్చుచుండెను. లోహము తీరినచో శక్తియు తీరును. గాల్వానీయు కేవలము ఓడినవాడు కాడు. జీవుల నరములలో విద్యుత్తు కలదని తరువాత ఋజువైనది.

నేటి చేతిగడియారములలోని బొత్తాము బ్యాటరీలు పెక్కింట వెండి ఆక్సైడు, తుత్తునాగములే కలవు. వాని బలము 1.55 వోల్టులు. నాణెమువంటి సీఆర్ 2032 అను బిళ్ల 20 మిల్లీమీటర్ల వెడల్పును, 3.2 మిల్లీమీటర్ల మందమును కలిగి, లిథియముతో 3 వోల్టులనిచ్చును. మైక్రోకంట్రోలర్ అను గోరంత గణనయంత్రమును ఇది నడుపగలదు. కాని దానిలోని నిలువ సుమారు 220 మిల్లీయాంపియర్ గంటలే. ఎడతెగక 5 మిల్లీయాంపియర్లు లాగినచో రెండు దినములైనను నిలువదు. అందుచే నిర్మాతలు ఆ యంత్రమును నిద్రపుచ్చి, పనియున్న క్షణముననే మేల్కొలుపుదురు. అప్పుడా బిళ్ల యేండ్ల తరబడి వచ్చును. మేల్కొనునప్పటి హఠాత్తు భారమును బిళ్ల మోయజాలదు గనుక ప్రక్కన ఒక కండెన్సరునుంతురు. అది వోల్టా పెట్టిన పేరే. బాలలారా, ఈ బిళ్లలను మాత్రము నోట పెట్టి పరీక్షింపకుడు. గొంతులో చిక్కుకొన్నచో కొద్ది గంటలలోనే కండను కాల్చివేయును.

మరల వోల్టా చరిత్రమునకు వత్తము. 1801లో ఆతడు పారిస్ నగరమున నెపోలియన్ ఎదుట తన స్తంభమును ప్రదర్శించి స్వర్ణపతకమును పొందెను. తరువాత కౌంటు బిరుదమును లభించెను. 1819లో ఉద్యోగము చాలించి కోమో చేరి, 1827 మార్చి 5వ తేదీన మరణించెను. 1881లో పారిస్‌న కూడిన విద్యుచ్ఛాస్త్రజ్ఞులు విద్యుత్పీడనపు కొలతకు వోల్టు అని ఆతని పేరే పెట్టిరి. 1899లో కోమోలో జరిగిన ప్రదర్శనమున అగ్నిప్రమాదము సంభవించి ఆతని పరికరములు పెక్కు భస్మమయ్యెను. దక్కినవియు, మరల చేసినవియు ఆతని శతవర్ధంతి స్మారకముగా సరస్సు ఒడ్డున కట్టిన మందిరమున ఉన్నవి.