ఎత్తడం ఒకటి, కట్టడం ఒకటి

పోయిన సెలవుల్లో ఫిల్మ్‌నగర్‌లో ఉండే మా బాబాయి దగ్గరికి వెళ్లాను. ఆయన షూటింగులకు బండ్లు అద్దెకిస్తాడు. ఆ రోజు యుద్ధం సీన్ కోసం ఒక పాత మిలిటరీ ట్రక్కు ట్రైలర్ మీద వచ్చింది. మెకానికల్ వాణ్ణి కదా, నా కళ్లు దాని బంపర్ల దగ్గరున్న లావుపాటి షాకిల్స్ మీద పడ్డాయి. ముందు రెండు, వెనక రెండు.

మామూలు లారీకి ఇంత లావువి ఎందుకుండవు? మిలిటరీ ట్రక్కు ఎప్పుడూ తన చక్రాల మీదే పోదు. రైలో, ఓడో, విమానమో ఎక్కాల్సి వస్తుంది. క్రేన్‌తో ఎత్తడానికి పట్టు కావాలి, ఎక్కాక గొలుసులతో కట్టడానికీ పట్టు కావాలి. అమెరికా సైన్యానికి దీనికోసమే మిల్-స్టాండర్డ్-209 ఉంది. దాని ప్రకారం కట్టే రింగులన్నీ కలిసి బండి బరువుకి ముందువెనకలకు 4 రెట్లు, పైకి 2 రెట్లు, పక్కలకు 1.5 రెట్లు బలాన్ని తట్టుకోవాలి. ఎత్తేటప్పుడూ లెక్క ఉంది. గొలుసు నిట్టనిలువుగా కాకుండా నేలతో 30 డిగ్రీల కోణంలో ఉంటే దాని మీద పడే లాగుడు రెట్టింపవుతుంది.

ఇవన్నీ చెబుతుంటే బాబాయికి తన చిన్నప్పటి సంగతి గుర్తొచ్చింది. 1988లో 192 చక్రాల ట్రైలర్ మీద బుద్ధ విగ్రహం హైదరాబాద్ వస్తుంటే జనంలో నిలబడి చూశాడట. ఆ విగ్రహం ఎన్.టి. రామారావు కల. ఆయన ఉన్న ఇల్లు ఇక్కడికి దగ్గర్లోనే, బంజారాహిల్స్ రోడ్ నంబర్ 13లో. అప్పట్నుంచి ఆయన జీవితాన్ని నేను ఈ షాకిల్స్ పక్కన పెట్టి చూస్తున్నాను.

1923 మే 28న కృష్ణా జిల్లా నిమ్మకూరులో రైతు కుటుంబంలో పుట్టారు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఉద్యోగం వస్తే కొద్ది రోజుల్లోనే వదిలేసి మద్రాసు వెళ్లారు. 1949లో మనదేశంలో పోలీసు వేషం, 1951లో పాతాళభైరవి, 1957లో మాయాబజార్‌లో కృష్ణుడు. సినిమా ఆయన్ని ఎత్తింది, జనం పట్టుకున్నారు.

1982 మార్చి 29న పార్టీ పెట్టి, పాత షెవ్రొలె వ్యాన్‌ని చైతన్యరథంగా మార్పించి ఊరూరా తిరిగారు. కొడుకు హరికృష్ణ డ్రైవరు. 1983 జనవరి 9న ముఖ్యమంత్రి అయ్యారు. అంత ఎత్తుకి తొమ్మిదే నెలలు! కానీ 1984 ఆగస్టులో, గుండె ఆపరేషన్ చేయించుకుని అమెరికా నుంచి వచ్చిన కొద్ది రోజులకే, పదవి పోయింది. జనం రోడ్డెక్కితే నెల రోజుల్లో తిరిగొచ్చింది.

అమెరికాలో లిబర్టీ విగ్రహం చూశాకే హుస్సేన్ సాగర్ మధ్య బుద్ధుణ్ణి నిలబెట్టాలన్న ఆలోచన వచ్చిందంటారు. రాయగిరి దగ్గర ఒకే రాతిలో గణపతి స్థపతి బృందం చెక్కింది. దాదాపు 18 మీటర్లు, 300 టన్నులకు పైనే. 192 చక్రాల మీద నగరం దాకా క్షేమంగా వచ్చింది. 1989 ఎన్నికల్లో రామారావు ఓడిపోయారు. 1990 మార్చి 10న బార్జ్ ఎక్కించి తీసుకెళ్తుంటే బార్జ్ ఒరిగి, విగ్రహం నీళ్లలోకి జారిపోయింది. పని చేస్తున్న మనుషులు చనిపోయారు. 1992 డిసెంబర్ 1న దాన్ని పైకి తీసి పీఠం మీద నిలబెట్టారు. అప్పుడాయన ప్రతిపక్షంలో ఉన్నారు.

1994లో మళ్లీ గెలిచారు. 1995 ఆగస్టులో ఎమ్మెల్యేల్లో ఎక్కువమంది అల్లుడు చంద్రబాబు నాయుడు వైపు వెళ్లడంతో మళ్లీ పదవి పోయింది. 1996 జనవరి 18న కన్నుమూశారు.

పైకి ఎత్తే బలం ఆయనకి జీవితాంతం తక్కువ కాలేదు. పట్టు జారింది ప్రతిసారీ పైకి వచ్చాకే. ఆయన జారితే పోయింది పదవి, మళ్లీ వచ్చింది కూడా. విగ్రహం జారినప్పుడు పోయిన ప్రాణాలు మాత్రం తిరిగి రాలేదు. వాళ్ల పేర్లు మనలో ఎంతమందికి తెలుసు? రేపు మనం వేసే డ్రాయింగ్‌లో ఒక షాకిల్ సైజు తప్పైతే, కింద నిలబడేది వాళ్లలాంటి వాళ్లే.

షూటింగ్ అయ్యాక ట్రక్కుని మళ్లీ ట్రైలర్ ఎక్కించారు. నాలుగు గొలుసులూ బిగించారు. బండి కదిలి జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దాటాక బాబాయి ఆపించి, గొలుసులు వదులయ్యాయేమో చూడమన్నాడు. ఒకటి వదులైంది. దిగి నేనే బిగించాను.