ఓడ కెప్టెన్ జాన్ న్యూటన్ గారి జీవితం

 

ఈసారి గోడ పత్రికలో నేను జాన్ న్యూటన్ గారి జీవితం రాస్తున్నాను. అమేజింగ్ గ్రేస్ అనే ఇంగ్లీషు పాట రాసింది ఈయనే. ఆ పాటను చాలా దేశాల చర్చీల్లో పాడతారు. కాని నేను రాసేది పాట గురించి కాదు. దేవుణ్ణి ఎన్నోసార్లు వదిలేసి పోయిన మనిషిని దేవుడు ఎట్లా క్షమించాడు, క్షమించిన తర్వాత ఆ మనిషి ఎట్లా బాగుపడ్డాడు అనేది రాస్తాను. మన హాస్టల్లో చర్చికి పోయేవాళ్ళు ఉన్నారు, పోనివాళ్ళు కూడా ఉన్నారు. ఇది అందరూ చదవొచ్చు.

బాల్యము

జాన్ న్యూటన్ గారు 1725వ సంవత్సరం జూలై 24వ తేదీన ఇంగ్లండు దేశంలో లండన్ నగరంలో జన్మించారు. తండ్రి ఓడ కెప్టెన్. ఏడాదిలో ఎక్కువ నెలలు సముద్రం మీదనే ఉండేవాడు. తల్లి పేరు ఎలిజబెత్. ఆమె చాలా భక్తి గల స్త్రీ. చిన్నప్పుడే కొడుకుకు చదవడం నేర్పింది, బైబిలు వాక్యాలు, పాటలు నేర్పింది. పెద్దయ్యాక అతను పాస్టరు కావాలని ఆమె కోరిక. కాని 1732లో ఆమె టీబీ జబ్బుతో చనిపోయింది. అప్పటికి ఆయనకు ఇంకా ఏడేళ్ళు నిండలేదు.

తండ్రి మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. కొడుకును కొన్నాళ్ళు బయట స్కూల్లో పెట్టాడు. 11 ఏళ్ళకే తనతో పాటు ఓడ ఎక్కించాడు. అంటే మన ఆరో క్లాసు చెల్లెళ్ళ వయసు. ఓడ పనివాళ్ళ మధ్య పెరిగి తిట్లు, బూతులు అన్నీ నేర్చుకున్నారు. అప్పుడప్పుడు భయమేసి ప్రార్థన చేసేవారు, ఉపవాసం ఉండేవారు. కొన్ని రోజులకు మళ్ళీ మామూలే. ఇట్లా చాలాసార్లు జరిగింది. చివరికి దేవుడే లేడని మిగతావాళ్ళతో వాదించేంత వరకు వచ్చారు.

1744లో యుద్ధ ఓడలోకి మనుషులు కావాలని ఆయన్ను బలవంతంగా పట్టుకుపోయారు. అక్కడి నుంచి పారిపోతే దొరికిపోయారు. అందరి ముందు బట్టలు విప్పి కొరడాతో కొట్టారు. ఉన్న చిన్న హోదా కూడా తీసేశారు. తర్వాత ఆయన్ను ఆఫ్రికా పోయే ఒక వ్యాపారపు ఓడకు మార్చేశారు. ఆ ఓడలో కొనేది, అమ్మేది మనుషులను.

ఆఫ్రికా ద్వీపంలో

ఆ రోజుల్లో ఇంగ్లండు నుంచి ఓడలు బట్టలు, తుపాకులు, ఇనుము వేసుకుని ఆఫ్రికాకు పోయేవి. వాటికి బదులు ఆఫ్రికా మనుషులను తీసుకునేవి. వాళ్ళను అట్లాంటిక్ సముద్రం దాటించి అమెరికా వైపు చెరకు తోటల్లో, పొగాకు తోటల్లో బానిసలుగా అమ్మేవాళ్ళు. అక్కడి నుంచి చక్కెర వేసుకుని ఇంటికి వచ్చేవాళ్ళు. యూరపు దేశాల వాళ్ళు ఇట్లా మూడు వందల ఏళ్ళకు పైగా సుమారు 1 కోటి 25 లక్షల మందిని ఓడలు ఎక్కించారు. అందులో సుమారు 18 లక్షల మంది దారిలోనే చనిపోయారు. వాళ్ళ శవాలను సముద్రంలో పడేసేవాళ్ళు.

న్యూటన్ గారు సియెర్రా లియోన్ దగ్గర ప్లాంటెయిన్ దీవిలో ఒక తెల్ల వ్యాపారి దగ్గర పనికి చేరారు. అక్కడ జ్వరం వచ్చి పడిపోయారు. వ్యాపారి ఊళ్ళో లేనప్పుడు అతని భార్య ఆయనకు తిండి, నీళ్ళు కూడా సరిగా ఇవ్వలేదు. తర్వాత వ్యాపారి కూడా ఆయన్ను దొంగ అనుకుని గొలుసుతో కట్టేశాడు. ఒంటి మీద చిరిగిన గుడ్డ తప్ప ఏమీ లేదు. పచ్చి దుంపలు పీక్కుని తిన్నారు. అంత కష్టంలో కూడా ఆయన దగ్గర ఒక లెక్కల పుస్తకం ఉండేది. మనం చదివే జామెట్రీయే. ఇసుకలో పుల్లతో బొమ్మలు గీసి తనంతట తానే నేర్చుకున్నారంట.

ఇక్కడ ఒక సంగతి అందరూ గుర్తు పెట్టుకోవాలి. ఆయన ఆకలితో పడి ఉన్నప్పుడు ఆయనకు రహస్యంగా అన్నం పెట్టింది ఎవరంటే, అమ్మకానికి గొలుసులు వేసి ఉంచిన నల్ల బానిసలు. వాళ్ళకు ఇచ్చేదే కొంచెం. అందులోంచి తీసి ఈ తెల్ల మనిషికి పెట్టారు.

తుఫాను

ఆయన తండ్రి కొడుకును వెతకమని తెలిసిన కెప్టెన్లకు చెప్పి పెట్టాడు. అట్లా గ్రేహౌండ్ అనే ఓడ వచ్చి ఆయన్ను ఎక్కించుకుంది. తిరిగి వచ్చేటప్పుడు 1748 మార్చి 21న రాత్రి పెద్ద తుఫాను వచ్చింది. ఓడ ఒక పక్క చీలిపోయింది. ఆయన పైకి పోబోతుంటే కెప్టెన్ కత్తి తెమ్మన్నాడు. కత్తి కోసం వెనక్కి తిరిగారు. ఆయనకు బదులు పైకి పోయిన మనిషిని అల కొట్టుకుపోయింది.

తెల్లవారుజామున మూడు గంటల నుంచి మధ్యాహ్నం దాకా పంపుతో నీళ్ళు తోడారు. తర్వాత చుక్కాని పట్టుకుని అర్ధరాత్రి దాకా నిలబడ్డారు. ఓడలో ఉన్న సరుకు తేనెమైనం, తేలిక కర్ర. అందుకే ఓడ మునగలేదు. దేవుడు లేడని వాదించిన మనిషి నోటి నుంచి ఆ రోజు దేవా కరుణించు అనే మాట వచ్చింది. ఆ మాట అన్నాక, నాలాంటి వాడికి కరుణ ఎందుకు ఉంటుంది అని తానే ఆలోచనలో పడ్డారు.

ఒడ్డు చేరడానికి ఇంకా నాలుగు వారాలు పట్టింది. తిండి అయిపోయింది. రోజుకు సగం ఉప్పు చేప, అది పన్నెండు మందికి. ఆ రోజుల్లో ఆయన లూకా సువార్త 15వ అధ్యాయంలోని తప్పిపోయిన కుమారుడి కథ చదివారు. ఆస్తి అంతా పాడు చేసి, ఆకలితో తిరిగి వచ్చిన కొడుకును చూసి తండ్రి దూరం నుంచే పరుగెత్తుకొచ్చే కథ. ఆ కొడుకు నేనే అనుకున్నారు. చివరికి ఓడ ఐర్లండు చేరింది. మార్చి 21వ తేదీని ఆయన చనిపోయే దాకా ప్రతి ఏడాది ప్రార్థనతో గడిపారు.

సొంత తండ్రి కూడా ఉత్తరంలో ఆయన్ను క్షమించాడు. కాని ఆ తండ్రి అప్పటికే కెనడా వైపు ఉద్యోగానికి ఓడ ఎక్కుతున్నాడు, అక్కడే 1750లో చనిపోయాడు. వాళ్ళిద్దరూ మళ్ళీ చూసుకోలేదు.

క్షమాపణ తర్వాత

చాలామంది ఈ కథను ఇక్కడే ఆపేస్తారు. తుఫాను వచ్చింది, మారిపోయాడు, పాట రాశాడు అంటారు. అది నిజం కాదు. నేను ఇక్కడి నుంచి కొంత దూరం గారు అని రాయను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

అదే ఏడాది న్యూటన్ మళ్ళీ బానిసల ఓడ ఎక్కాడు. ఈసారి కెప్టెన్ కింద పెద్ద ఉద్యోగి. ఆఫ్రికా తీరం చేరేసరికి ప్రార్థన మర్చిపోయి పాత పద్ధతిలోనే పడ్డాడు. తనను గొలుసు వేసి కట్టిన ఆ దీవికే పోయాడు. అక్కడ మళ్ళీ జ్వరం వచ్చింది. చావు దగ్గరికి వచ్చింది అనుకుని లేవలేక లేచి, ఎవరూ లేని చోటికి పోయి దేవుడి ముందు పడ్డాడు. దేవుడు మళ్ళీ క్షమించాడు. అప్పటి నుంచి పాత పద్ధతి పోయింది.

కాని వ్యాపారం పోలేదు. 1750లో చిన్నప్పటి నుంచి ప్రేమించిన మేరీని పెళ్ళి చేసుకున్నాడు. అదే ఏడాది కెప్టెన్ అయ్యాడు. 1754 వరకు మూడుసార్లు బానిసలను తీసుకుపోయాడు. ఆదివారం ఓడ పనివాళ్ళను కూర్చోబెట్టి ప్రార్థన జరిపించేవాడు. పైన ప్రార్థన, కింద చీకట్లో గొలుసులు. మనుషులను అరల్లో పుస్తకాలు సర్దినట్టు పక్కపక్కనే పడుకోబెట్టేవాళ్ళు, ఒత్తిగిలడానికి కూడా చోటు ఉండేది కాదు. ఒకసారి బానిసలు తిరగబడబోతున్నారని తెలిసి, నిజం చెప్పించడానికి కొందరు మగపిల్లల బొటనవేళ్ళకు ఇనప మరలు బిగించారు. ఇది న్యూటన్ చేతితో రాసిన ఓడ పుస్తకంలోనే ఉంది.

తనకు ఆకలైనప్పుడు తమ అన్నంలోంచి తీసి పెట్టిన వాళ్ళలాంటి వాళ్ళనే అమ్మాడు. ఇది రాసేటప్పుడు నాకు చాలా కోపం వచ్చింది.

మరి ఎందుకు మానేశాడు? తప్పని తెలిసి కాదు. 1754లో ఇంకో ప్రయాణానికి బయలుదేరే ముందు ఫిట్స్ లాంటిది వచ్చి పడిపోయాడు. డాక్టర్లు ఓడ ఎక్కొద్దన్నారు. అందుకని మానేశాడు. తర్వాత లివర్‌పూల్ రేవులో ఓడలు తనిఖీ చేసే ఉద్యోగం చేశాడు. గ్రీకు, హీబ్రూ భాషలు సొంతంగా నేర్చుకున్నాడు. 1764లో పాస్టరు అయ్యాడు. తల్లి కోరిక 32 ఏళ్ళ తర్వాత తీరింది.

ఆల్నీ ఊరు

ఆల్నీ అనే చిన్న ఊళ్ళో పని చేశాడు. అక్కడ ఎక్కువమంది లేసు అల్లుకుని బతికే పేదవాళ్ళు. వాళ్ళ ఇళ్ళకు పోయి మాట్లాడేవాడు. పిల్లలకు వేరేగా మీటింగు పెట్టేవాడు. విలియం కూపర్ అనే కవికి మనసు బాగాలేక చనిపోవాలని చూసినప్పుడు న్యూటన్ ఆయన్ను ఇంట్లో పెట్టుకుని చూసుకున్నాడు. ఇద్దరూ కలిసి రాసిన పాటల పుస్తకం 1779లో వచ్చింది. అందులో సుమారు 280 పాటలు న్యూటన్‌వే. అమేజింగ్ గ్రేస్ 1773 జనవరి 1న, కొత్త సంవత్సరం ప్రసంగం కోసం రాసింది. తప్పిపోయిన వాడు దొరికాడు, గుడ్డివాడికి చూపు వచ్చింది అని దాని భావము. కాని అప్పటికి కూడా బానిసల వ్యాపారం ఆపాలని ఎక్కడా పైకి చెప్పలేదు. చూపు వచ్చింది కాని ఒక్కసారే మొత్తం రాలేదని నేను అనుకుంటున్నాను.

34 ఏళ్ళ తర్వాత

1780లో లండన్‌లో ఒక చర్చికి మారాడు. 1785 డిసెంబరులో విలియం విల్బర్‌ఫోర్స్ అనే యువ పార్లమెంటు సభ్యుడు రహస్యంగా కలవడానికి వచ్చాడు. దేవుడి కోసం రాజకీయం వదిలేయాలా అని అడిగాడు. న్యూటన్ వదలొద్దని, అక్కడే ఉండి మంచి చేయమని చెప్పాడు. ఆ విల్బర్‌ఫోర్సే తర్వాత బానిసల వ్యాపారం మీద పార్లమెంటులో 20 ఏళ్ళు పోరాడారు.

1788లో న్యూటన్ ఆ వ్యాపారం గురించి ఒక చిన్న పుస్తకం రాశారు. ఓడ వదిలి అప్పటికి 34 ఏళ్ళు. కొరడాలు, మరలు, ఆడవాళ్ళకు జరిగే అన్యాయం, చూసినవి, చేసినవి రాశారు. తను ఒప్పుకోవడం చాలా ఆలస్యమైందని, అందులో తన చెయ్యి ఉన్నందుకు జీవితాంతం సిగ్గుపడతానని రాశారు. ఆ తర్వాత పెద్దల కమిటీ ముందు నిలబడి సాక్ష్యం చెప్పారు. వ్యాపారులు, బానిసలు సుఖంగానే ఉన్నారని అబద్ధాలు చెప్తుంటే, లోపల ఉండి వచ్చిన కెప్టెన్ మాటను ఎవరూ కాదనలేకపోయారు.

ఇక్కడి నుంచి నేను మళ్ళీ న్యూటన్ గారు అనే రాస్తాను.

1807 మార్చి 25న ఇంగ్లండులో బానిసల వ్యాపారాన్ని నిషేధించే చట్టం వచ్చింది. న్యూటన్ గారికి అప్పటికి 81 ఏళ్ళు. కళ్ళు దాదాపు కనిపించవు. ఆ చట్టాన్ని విని, అదే ఏడాది డిసెంబరు 21న చనిపోయారు. తన సమాధి మాటలు ముందే రాసి పెట్టుకున్నారు. అందులో గొప్పలు లేవు. మొదట తన చెడ్డ బతుకు, తర్వాత దేవుడి క్షమాపణ ఉన్నాయి.

నేను అనుకునేది

ఈ కథ మా రూములో చెప్తే ఒక ఫ్రెండు అడిగింది. దేవుడు న్యూటన్‌ను క్షమించేశాడు సరే, మరి అమ్ముడుపోయిన వాళ్ళ సంగతి ఏంటి, వాళ్ళను ఎవరైనా అడిగారా అని. నాకు వెంటనే జవాబు రాలేదు. మా అవ్వ కూడా వాళ్ళ పెద్దవాళ్ళు వెట్టి చేసిన రోజులు చెప్తుంది. కూలి లేకుండా బరువులు మోసిన వాళ్ళకు కూడా ఎవరూ వచ్చి తప్పయింది అని చెప్పలేదు.

తర్వాత నేను బైబిల్లో జక్కయ్య కథ చూశాను. యేసు ప్రభువు జక్కయ్య ఇంటికి పోయాడు. అప్పుడు జక్కయ్య, నేను అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. పేతురు కూడా యేసు ఎవరో తెలియదని మూడుసార్లు అబద్ధం చెప్పాడు. యేసు అతన్ని క్షమించి ఊరికే కూర్చోబెట్టలేదు, తన గొర్రెలను మేపమని పని ఇచ్చాడు. క్షమాపణ ముందు వస్తుంది, ఊరికే వస్తుంది. కాని వచ్చినాక మనిషిని పనిలో పెడుతుంది.

న్యూటన్ గారు అమ్మిన వాళ్ళను వెనక్కి తేలేకపోయారు. నాలుగింతలు కాదు, ఒక్కరిని కూడా ఇవ్వలేకపోయారు. ఆయన దగ్గర ఇవ్వడానికి మిగిలింది నిజం ఒక్కటే. దాన్ని ఇవ్వడానికి కూడా 34 ఏళ్ళు పట్టింది. దేవుడు అన్నేళ్ళూ ఆయన్ను విడిచిపెట్టలేదు. అన్నేళ్ళ ఆలస్యం మాత్రం ఓడల్లో ఉన్నవాళ్ళ మీద పడింది. ఈ రెండూ నిజమే. మా ఫ్రెండు ప్రశ్నకు ఇది మొత్తం జవాబు కాదని నాకు తెలుసు.

ఆ ఓడల్లో పోయిన వాళ్ళ పిల్లల పిల్లలు, అమెరికాలోని నల్లవాళ్ళు, ఈ రోజు కూడా తమ చర్చీల్లో ఆయన పాట పాడతారు. పాడాలా వద్దా అనేది వాళ్ళ ఇష్టం, వాళ్ళు పాడుతున్నారు. అది విన్నప్పుడు నాకు న్యూటన్ గారి కంటే వాళ్ళే పెద్ద మనసు గలవాళ్ళు అనిపించింది.

కాబట్టి చెల్లెళ్ళారా, ఎవరైనా ఒకసారి మారి మళ్ళీ పడిపోతే ఇంక అంతే అని అనకండి. దేవుడు మళ్ళీ మళ్ళీ లేపుతాడు. కాని క్షమించబడ్డాను అని చెప్పేవాళ్ళను చూసి ఒక్క మాట అడగండి. ఎవరికి అన్యాయం జరిగిందో వాళ్ళ పక్కన నిలబడ్డారా లేదా అని.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని